తలుపుకు ఆనించిన పంపు

పోయిన వారం పాత ఇనప సామాన్లు కొనే మనిషి ఒకతను మా వీధిలోకి వచ్చాడు. ఆటోకు మైకు కట్టుకుని, పాత ఫ్రిజ్జులు, పాత బ్యాటరీలు, ఇనుము, ఇత్తడి అని ముందే రికార్డు చేసిన గొంతును వినిపించుకుంటూ వచ్చి సరిగ్గా మా గుమ్మం ముందు ఆపాడు. మా ముందు తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. సముద్రం గాలికి అది దబాలున కొట్టుకోకుండా అడుగున ఒక ఇనప వస్తువు ఆనించి పెడతాను. అతని కళ్ళు నేరుగా దాని మీదే పడ్డాయి.

"అమ్మా, అది లారీ డీజిల్ పంపు కదా? ఇచ్చేస్తావా?" అన్నాడు.

"ముందు మంచినీళ్ళు తాగు" అన్నాను.

"నీళ్ళకేముందిలేమ్మా, ముందు ధర మాట్లాడుకుందాం."

"మా ఇంట్లో ముందు తాగాల. తర్వాతే మాట."

నా ముఖం చూసి ఇక వాదించకుండా తాగాడు. గ్లాసు కింద పెట్టి మళ్ళీ అడిగాడు. అమ్మేది కాదన్నాను. "దాంతో నీకేం పనమ్మా?" అన్నాడు. తలుపు పట్టుకుంటుందన్నాను. "దానికి ఒక రాయి చాలదా?" అన్నాడు. చాలదన్నాను. అతను నవ్వుకుంటూ ఆటో ఎక్కాడు. ఆ గొంతు వీధి చివరి దాకా వినిపించి ఆగిపోయాక నేను పాత గుడ్డ తెచ్చి గడప దగ్గర కూర్చుని, పంపు మీద పేరుకున్న ఉప్పు దుమ్ము తుడిచాను. వరసగా ఆరు మూతులు, పిల్లనగ్రోవి మీద బెజ్జాల్లాగా. ఒక పక్క మూత లేదు. లోపల చూస్తే ఇప్పటికీ తుప్పు ఎర్రగా కనిపిస్తుంది. ఆ తుప్పు మా ఇంటిది. బయటివాళ్ళెవరూ పట్టించింది కాదు.

గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదని అందరూ మొదట్లోనే రాస్తారు. నేను కొంత గొప్ప చెప్పుకోవడానికే రాస్తున్నాను, మాకు మిగిలిన ఆస్తుల్లో అదొకటి కనుక. మాది గూడూరు. మా జేజినాయనకు, అంటే తాతకు, అభ్రకం గనులుండేవి. ఆ రోజుల్లో మా బంగళాలో చీపురు వేసినా, దిండు దులిపినా అభ్రకం పొడి మెరిసేదని, పసిపిల్లల జుట్టులో కూడా మెరిసేదని మా జేజి, అంటే నాయనమ్మ, చెప్పేది. ఆయనకు నల్ల కారొకటి ఉండేది. అది బజారులోకి వస్తే నిమ్మకాయల బళ్ళు పక్కకు తప్పుకునేవట. బంగళా వసారాలో మజ్జిగ కుండలు వరసగా ఉండేవి. గడప తొక్కినవాడు బిచ్చగాడైనా, కలెక్టరైనా ముందు తాగాలి, వచ్చిన పని ఆ తర్వాత చెప్పాలి. అది ఆయన పెట్టిన కట్టుబాటు. తర్వాత అభ్రకం అడిగేవాళ్ళు తగ్గారు, గనుల్లోకి నీళ్ళొచ్చాయి, బంగళా పోయింది, కారు పోయింది. ఎట్లా పోయాయో ఇక్కడ రాయను. పోయాయి. కట్టుబాటు మాత్రం మాతోనే వచ్చింది.

నేను పెరిగింది వాకాడు పక్కన, సరుగుడు తోపులో ఉన్న చిన్న ఇంట్లో. ఎండాకాలం గాలి మార్పుకని జేజినాయన ఎప్పుడో కట్టించిన ఇల్లది. అందరం అక్కడికి చేరాం. గనుల దగ్గర మిగిలిన ఇంజన్లు అమ్మి మా నాయన ఒక పాత లారీ కొన్నాడు. నాయన చిన్నతనమంతా గనుల్లో నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్ల మధ్య గడిచింది. వారసత్వంగా ఆయనకు దక్కింది ఆ విద్య ఒక్కటే. లారీలో సరుగుడు కట్టెలు వెళ్ళేవి, వడ్ల బస్తాలు వెళ్ళేవి. ఎక్కువగా వెళ్ళింది మాత్రం ఎండుచేపలు. జేజి ఆ మాట ఇంట్లో పలకనిచ్చేది కాదు. "సముద్రం సరుకు" అనాలి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వెన్ను నిటారుగా నిలబెట్టి, "సముద్రం సరుకు ఎత్తేసినారా?" అని అడిగేది. ఆ వాసన మా దుప్పట్లలోకి, నా కాలేజీ పుస్తకాల్లోకి, నాయన తెల్ల చొక్కాల్లోకి ఎక్కింది. వంశంలో ఒకప్పుడు జుట్టుకు అభ్రకం పట్టేది, మా తరం వచ్చేసరికి ఎండు సావిడాయ చేపల వాసన పట్టింది. అయినా మా ఇంట్లో ఎవరూ తల దించుకుని నడవలేదు.

డ్రైవరు ఏసుపాదం. పొడుగ్గా, నల్లగా, కొత్తగా చెక్కిన తెడ్డులాగా ఉండేవాడు. స్టీరింగు ముందు కూర్చుంటే అతని వెన్ను కూడా జేజి వెన్నులాగే సీటుకు ఆనేది కాదు. శనివారం సాయంత్రం లారీని కడిగి తోపులో నీడకు నిలిపేవాడు. ఆదివారం బండి తీసేవాడు కాదు. ఇస్త్రీ పంచె కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, భార్య ముందు నడుస్తుంటే వెనక నడుచుకుంటూ ప్రార్థన మందిరానికి పోయేవాడు. మిగతా రోజుల్లో అతనికి కాఫీ, మంచినీళ్ళు మా వెనక వసారాలో ఇచ్చేవాళ్ళు. అక్కడ మేకుకు ఒక సత్తు గ్లాసు తగిలించి ఉండేది. అది అతని గ్లాసు. అతను తలెత్తి, గ్లాసు పెదాలకు తగలకుండా పైనుంచి పోసుకుని తాగేవాడు. అందులో ఎవరికీ ఏమీ తోచేది కాదు. ఎవరికీ అంటే మా ఇంట్లో. ఏసుపాదానికి తోచేదో లేదో మేమెప్పుడూ అడగలేదు.

మా ఇంట్లో ఆదివారానికి ఇంకొక పద్ధతి ఉండేది. పొద్దున్నే నేను ఒక లేత టెంకాయ కొట్టి, నీళ్ళు వడగట్టి, జేజినాయన వెండి లోటాలో పోసి జేజికి ఇవ్వాలి. మాకు మిగిలిన వెండి ఆ లోటా ఒక్కటే. ఆమె దాన్ని కొంగు కింద పెట్టుకుని ఒంటరిగా తోపులోకి నడిచేది. కాసేపటికి ఖాళీ లోటాతో తిరిగి వచ్చేది. చెట్ల అవతల నిలబడి, సముద్రాన్ని చూసుకుంటూ, పాత రోజులు తలచుకుంటూ తాగుతుందని మేమనుకునేవాళ్ళం. పెద్దవాళ్ళ ఏకాంతాన్ని కదిలించకూడదని అమ్మ చెప్పేది.

ఆ ఎండాకాలం లారీ నీరసపడింది. బరువుతో ఎత్తు ఎక్కలేకపోయేది. తెల్లపొగ కక్కేది, ఉన్నట్టుండి దగ్గేది. ఒక ఉదయం తోపులో సెల్ఫ్ కొడితే తిరిగింది కానీ అందుకోలేదు. ఏసుపాదం మళ్ళీ మళ్ళీ కొట్టాడు. ఇంజను మూలిగింది, అంతే. వెనకాల సరుకు ఎక్కించి ఉంది. ఎండ పెరిగేకొద్దీ సముద్రం సరుకు తన ఉనికిని ఊరంతటికీ చాటుతోంది. లారీని తాడు కట్టి గూడూరు లాక్కుపోదామని ఎవరో అన్నారు. జేజి వసారాలోంచి, "మన బండికి ఇంకొకరి తాడా? అది ఈడనే లేస్తాది, లేకపోతే ఈడనే ఉంటాది" అంది. ఆ మాటకు ఇక అప్పీలు లేదు. గూడూరునుంచి మెకానిక్కే రావలసి వచ్చింది.

వచ్చినవాడు మస్తాన్. అత్తరు పూసుకుని, మల్లెపూవు లాంటి తెల్ల చొక్కా వేసుకుని, బుల్లెట్ మీద, పనిముట్ల సంచి వెనక కట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు దిగాడు. ఆ చొక్కా విప్పి సరుగుడు కొమ్మకు తగిలించి లుంగీ ఎగ్గట్టేదాకా వీడు పని చేస్తాడా అని మాకు అనుమానమే. దిగీ దిగగానే అమ్మ మజ్జిగిచ్చింది. తాగి, మీసం తుడుచుకుని, బండిని ముట్టుకోకుండానే తీర్పు చెప్పాడు.

"ఏం లేదన్నా. గాలి పట్టింది. ఎయిర్ తీసేస్తే గుర్రం."

నాయనను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అన్నా అని పిలవలేదు. అందరూ అయ్యా అనేవాళ్ళే. ఆయన గొంతు సవరించుకుని, "గాలి కాదు. పంపు పోయింది" అన్నాడు.

"పంపు ఊరికే పోదన్నా. దానికి అంత తొందరేమీ ఉండదు. పందెమా?"

"మా ఇంట్లో పందేలు కాయం."

"అయితే నేనే కాస్తా, నేనే గెలుస్తా" అని మస్తాన్ లారీ కిందికి దూరాడు.

ఫిల్టరు దగ్గర మర వదులు చేసి, చేత్తో కొట్టే చిన్న పంపును నన్ను కొట్టమన్నాడు. అప్పటికి నేను కాలేజీ చదువు ముగించుకుని ఇంట్లో ఉన్నాను. ఓణీ నడుముకు బిగించి కొడుతుంటే డీజిల్ నురగ కక్కుతూ వచ్చింది, బుడగలు తగ్గాయి, ధార కట్టింది. "చూసినావా పాపా, గాలి పోయింది" అన్నాడు మస్తాన్. సెల్ఫ్ కొట్టారు. లేవలేదు. "అయితే ఫిల్టరు" అన్నాడు. మార్చారు. లేవలేదు. "నాజిళ్ళు" అన్నాడు, గొంతు కాస్త తగ్గింది. అప్పుడు నాయన చొక్కా చేతులు మడుచుకుని తానే బానెట్ మీదికి వంగాడు. ఇంజను మీదికి పోయే ఆరు గొట్టాల కొసలూ ఒక్కొక్కటిగా వదులు చేయించి, ఏసుపాదాన్ని సెల్ఫ్ కొట్టమన్నాడు. పంపు బాగుంటే ఒకదాని తర్వాత ఒకటి ఆరూ వరసగా పిచికారీ కొట్టాలి. రెండు గొట్టాలు కళ్ళు చెమర్చినట్టు చెమర్చాయి. మిగిలినవి పొడిగా ఉన్నాయి. నాయన వెన్ను నిలబెట్టి, చేతులు తుడుచుకుని, మస్తాన్ వైపు చూశాడు.

"సరేలేన్నా, పంపే" అన్నాడు మస్తాన్. "కానీ గాలి కూడా కొంచెం ఉన్నింది."

జేజి కూడా కొంగు చాటున నవ్వింది. ఆ ఉదయం అంత వేడిలో, అంత వాసనలో మేమంతా తిరునాళ్ళకు వచ్చినట్టు ఉన్నాం. అమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. దోవన పోయేవాళ్ళు ఆగి సలహాలిచ్చారు. ప్రతివాడికీ మజ్జిగ అందింది.

మస్తాన్ పంపు పక్క మూత విప్పాడు. లోపల వరసగా స్ప్రింగులు, వాటి మధ్య సన్నటి ఉక్కు కడ్డీలు. అవి పైకీ కిందికీ వెంట్రుకంత సందు కూడా లేకుండా ఆడాలి. వేలితో తోస్తే పక్కకు జారవలసిన పట్టీ జారలేదు. కడ్డీలు నాలుగు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎర్రటి తుప్పు. మూతలో చేరిన తడిని మస్తాన్ వేలికి రాసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు పెద్దవి చేశాడు.

"అన్నా! ఇదేం డీజిలన్నా? కల్లు వాసన కొడతావుండాది. నీ బండి దోవలో ఏ పాకలోనన్నా దిగి వస్తాందా ఏంది?"

అందరం నవ్వాం. ఏసుపాదం కూడా నవ్వాడు. ముందుగా నవ్వు ఆపింది నాయన.

"నీళ్ళు కలిసినాయి" అన్నాడు.

"కలిసినాయన్నా. డీజిలే దీనికి అన్నం, డీజిలే దీనికి నూనె. నీళ్ళు పడితే కడ్డీలు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. ఇంకేముంది?"

"టాంకీలోకి నీళ్ళెట్టా వచ్చినాయి, ఏసుపాదం?"

ఆ ప్రశ్న ఏమిటో లారీలు తిప్పే ప్రతి ఇంటికీ తెలుసు. దోవలో డీజిల్ తీసి అమ్ముకునే డ్రైవరు, మట్టం సరిపెట్టడానికి నీళ్ళు పోస్తాడని యజమానులందరి నమ్మకం. మా టాంకీకి తాళం లేదు. మన మనిషి మీద మనం తాళం వేస్తే మనకే అవమానమని నాయనే వద్దన్నాడు. అదిప్పుడు ఏసుపాదానికి వ్యతిరేకంగా నిలబడింది.

"నాకు తెలీదయ్యా" అన్నాడు ఏసుపాదం.

"నీ చేతుల్లో ఉండే బండి. నీకు తెలీకపోతే ఇంకెవురికి తెలస్తాది?"

 ఏసుపాదం జేబులోంచి బండి తాళంచెవి తీసి బంపరు మీద పెట్టాడు.

"అయ్యా, మీరు అడగకుండా అడిగింది నాకు అర్థమయింది. మేం ఒట్లు పెట్టుకోం. నేను చెయ్యలేదు, అంతే. బండిని ఇట్టా పండబెట్టి పోతే నిజమేననుకుంటారు జనం. పంపు ఎక్కి, బండి కదిలిందాకా ఉంటా. కదిలినాక నా దోవ నాది."

నాయన ఉండమనలేదు, పొమ్మనలేదు. తాళం బంపరు మీదే ఉండిపోయింది. సరుకు ఇంకో బండిలోకి మార్చారు. మస్తాన్ కప్లింగు మీద ఉలితో గీత పెట్టుకుని, మరలు విప్పి, పంపును బిడ్డను తీసినట్టు బయటికి తీశాడు. ఆ మధ్యాహ్నం ఏసుపాదం మా అన్నం తినలేదు. భార్య తెచ్చిన క్యారియర్ విప్పుకుని లారీ నీడలో కూర్చుని తిన్నాడు. అమ్మ పులుసు గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

మరునాడు పొద్దున్నే నాయన, మస్తాన్ పంపును గోతంలో చుట్టుకుని బస్సులో నెల్లూరు వెళ్ళారు. టాంకీ దించి కడిగే పని ఏసుపాదానిది. చేయవలసిన అవసరం అతనికి లేదు. చేశాడు. అడుగున మిగిలింది ఒక గాజు సీసాలోకి వంపి ఎండలో అరుగు మీద పెట్టాడు. కాసేపటికి డీజిల్ పైకి తేలింది, కింద చిక్కటి, మడ్డి లాంటి నీళ్ళు నిలిచాయి. "చూడు పాపా" అన్నాడు నాతో. "ఇది బోరు నీళ్ళ మాదిరి లేదు. కాలవ నీళ్ళ మాదిరీ లేదు. ఇవి యాడియో నాకు తెలిస్తే బాగుండు." కోపంగా అని ఉంటే నాకు నయంగా ఉండేది. అతను ఏదో పొడుపుకథ అడిగినట్టు అడిగాడు.

సాయంత్రానికి వాళ్ళు పాత పంపుతో పాటు, బాగుచేసిన ఇంకొక పంపు తీసుకుని వచ్చారు. మనది బాగుచేసే స్థితిలో లేదన్నారట. దాన్ని వదిలిపెట్టకుండా తెచ్చింది నాయన. మన వస్తువు పరాయి అంగట్లో పడి ఉండకూడదు. మస్తాన్ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతుంటే జేజి సీసా చూసి అతన్నే అడిగింది.

"ఇవేంది నాయనా?"

"ఇవేనమ్మా మీ బండి తాగిన కల్లు. వాసన చూడండి."

జేజి ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు తీసి, వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"బండి నీళ్ళు తాగదా? మా కారుకు డ్రైవరు దినామూ పోసేవాడే."

"అది రేడియేటరమ్మా, ముందర ఉంటాది. అది నీళ్ళు తాగే నోరు. ఇది డీజిల్ తాగే నోరు."

"రెండు నోళ్ళా దీనికి?" అంది జేజి.

మస్తాన్ పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. సీసా కింద పెట్టి, తల తిప్పి నన్ను చూసింది. ఆదివారం లోటా నింపి ఇచ్చే చేయి నాదే కదా. ఆ చూపులో నాకంతా తెలిసిపోయింది. ఆమె తోపులోకి నడిచింది సముద్రం కోసం కాదు. దూరం తిరిగి, అలిసి, గడప దగ్గరికి వచ్చిన బండిని ఉత్త నోటితో ఎట్లా నిలబెడుతుంది? ఆ ఇంటి కోడలిగా అడుగుపెట్టిన నాటినుంచీ ఎవరినీ అట్లా నిలబెట్టి ఎరగదు. ఏసుపాదం మందిరంలో ఉన్న వేళ, వారం వారం, వెండి లోటాతో, లారీకి మర్యాద చేస్తూ వచ్చింది. జేజి లేచి లోపలికి వెళ్ళింది. చెబుతుందా, చెప్పదా? గనులు పోయిన రోజున కూడా నలుగురిలో పెదవి విప్పని మనిషి. నేను నోరు మూసుకుని ఉండటం తప్ప చేయగలిగింది లేదు. అది చెప్పవలసింది నేను కాదు.

తర్వాతి ఉదయం పంపు ఎక్కించారు. ఈ పనిలో ఒక ముచ్చటైన భాగం ఉంది. పంపు మొదటి మూతికి కొంగ మెడలా వంగిన సన్న గొట్టం తగిలిస్తారు. ఇంజనును చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటే అందులోంచి డీజిల్ ధారగా వస్తుంది, తర్వాత ధార బొట్లవుతుంది, చివరికి ఒక బొట్టు గొట్టం అంచున వేలాడి ఆగిపోతుంది. అది ఆగే క్షణమూ, ఇంజను చక్రం మీది గీత గుర్తుకు చేరే క్షణమూ ఒకటి కావాలి. అప్పుడే పంపు వేళకు కొడుతుంది. ఇంజనును తిప్పేది ఏసుపాదం, గీత చూసేది నాయన, పంపును వెంట్రుకవాసి జరిపేది మస్తాన్. బొట్టు చూసేది నేను, నా కళ్ళు మంచివని.  సరుగుడు ఆకుల్లో గాలి ఈల మాత్రం వినబడుతోంది. బొట్టు ఆగితే బండి కదులుతుంది. బండి కదిలితే ఏసుపాదం వెళ్ళిపోతాడు. ఆ బొట్టు ఎప్పటికీ ఆగకూడదని కోరుకున్నాను.

"పాపా, ఏమైంది?" అన్నాడు ఏసుపాదం, ఇంజను తిప్పే కడ్డీ మీద చెయ్యి ఉంచి. "నిజం చెప్పు. ఆగిందా?"

"ఆగింది" అన్నాను.

మరలు బిగించారు. గాలి తీయడానికి మళ్ళీ నేనే చేతిపంపు కొట్టాను. "ఇప్పుడన్నా గాలి ఉందని ఒప్పుకుంటావా అన్నా?" అన్నాడు మస్తాన్. ఎవరూ నవ్వలేదు. ఏసుపాదం బంపరు మీది తాళం తీసుకుని ఎక్కి, సెల్ఫ్ కొట్టాడు. ఒక్క మూలుగు, ఒక్క దగ్గు, అంతే. ఇంజను అందుకుని, తోపులో కాకులన్నీ లేచిపోయేట్టు గర్జించింది. మస్తాన్ ఈల వేశాడు. అమ్మ చేతులు జోడించింది. ఏసుపాదం బండిని ముందుకు పది బారలు నడిపి, వెనక్కి తెచ్చి నిలిపి, ఇంజను ఆపి, దిగి, తాళం మళ్ళీ బంపరు మీద పెట్టాడు. కొమ్మకున్న తన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"ఏసుపాదం" అని పిలిచింది జేజి.

చేతిలో వెండి లోటా ఉంది. నేను నింపింది కాదు, తానే టెంకాయ కొట్టుకుంది. వసారా మెట్లు దిగి, అందరి మధ్యనుంచి నడిచి, అతని ముందుకు వచ్చింది.

"ఆ నీళ్ళు నేను పోసినా" అంది. గొంతు ఎప్పటిలాగే నిటారుగా ఉంది. "ఆదివారం ఆదివారం, టెంకాయ నీళ్ళు. ఊర్లన్నీ తిరిగొచ్చిన బండి కదా, ఒక గుక్క తాపుదామని. పోయాల్సింది బండికి కాదు, దాన్ని తోలుకొచ్చే నీకు. నాకు తెలీకపోయె. ఇదో, తాగు."

నాయన ముఖం నేను చూడలేకపోయాను. ఏసుపాదం లోటా అందుకున్నాడు. అలవాటు ప్రకారం తలెత్తి పైనుంచి పోసుకోబోయాడు.

"అట్ట కాదు" అంది జేజి. "కరుచుకోని తాగు."

అతను ఆమెను చూశాడు. లోటా పెదాలకు ఆనించుకుని, తొందర లేకుండా, అడుగుదాకా తాగాడు. లోటా తిరిగి ఇస్తూ, "నాకు పంపు లేదులే పెద్దమ్మా, చెడిపోయేదానికి" అన్నాడు.

మస్తాన్ నవ్వు ముందు పేలింది, తర్వాత మా అందరిదీ. ఆ నవ్వుల మధ్య నాయన బంపరు దగ్గరికి వెళ్ళి, తాళం తీసి, రెండు చేతులతో పట్టుకుని ఏసుపాదానికి చాపాడు. ఆయన రెండు చేతులతో ఇవ్వడం నేను దేవుడి దగ్గర తప్ప చూడలేదు. ఏసుపాదం వెంటనే అందుకోలేదు. "టాంకీకి తాళం వేయిద్దాం అయ్యా" అన్నాడు. "ఆ తాళంచెవి పెద్దమ్మకు అందకుండా పెట్టుకుందాం." అప్పుడు అందుకున్నాడు.

జేజి అంతటితో వదల్లేదు. "నేను ముందర కూర్చుంటా, గూడూరు దాకా పోదాం పద" అంది. కారు పోయాక ఆమె గూడూరు మొహం చూడలేదు. లారీ ఎక్కడమైతే ఊహకందని మాట. అమ్మ స్టూలు వేసింది, మస్తాన్ చెయ్యిచ్చాడు. ఆమె క్యాబిన్‌లో ఏసుపాదం పక్కన, వెన్ను ఆనించకుండా కూర్చుంది. నాయన, నేను అటుపక్క ఇరుక్కున్నాం. మస్తాన్ బుల్లెట్ మీద ముందు సాగాడు, తెల్ల చొక్కా జెండాలాగా ఎగురుతుంటే. మధ్యాహ్నపు ఎండలో, నిండు బజారులో, నిమ్మకాయల బస్తాల మధ్యనుంచి మా లారీ వెళ్ళింది. ఎండుచేపల వాసనకు జనం తలలు తిప్పి చూశారు. మా బంగళా ఉన్న చోట అంగళ్ళు లేచి ఉన్నాయి. జేజి అటు ఒకసారి చూసి, "హారన్ కొట్టు, ఏసుపాదం" అంది. అతను కొట్టాడు. నిమ్మకాయల బళ్ళు పక్కకు తప్పుకున్నాయి. నాకు తెలిసి మా వంశం గూడూరులోకి అంత సంతోషంగా ఎప్పుడూ ప్రవేశించి ఉండదు, గనులున్న రోజుల్లో కూడా.

ఇప్పటి లారీలకు ఇట్లాంటి పంపు ఉండదట. ఏదో పెట్టె తగిలిస్తే రోగం తెర మీద కనిపిస్తుందట. మంచిదే. బొట్టు ఆగేదాకా నలుగురు ఊపిరి బిగబట్టి నిలబడవలసిన పని లేదు. మనుషులం అప్పటికంటే తెలివైనవాళ్ళమయ్యాం, తలుపులు త్వరగా వేసుకుంటున్నాం. మా వీధిలో ఇప్పుడు ఎవరైనా వస్తే ముందు ఫోన్ చేసి వస్తారు. వచ్చినవాళ్ళు తమ నీళ్ళ సీసా తామే తెచ్చుకుంటారు. సత్తు గ్లాసు మేకు మీదనుంచి ఆ రోజే పోయింది. తీసింది ఎవరో మేం మాట్లాడుకోలేదు. లారీ ఏసుపాదం చేతిలోనే ముసలిదయింది. వెండి లోటా ఏమైందని మా బంధువులు అడుగుతుంటారు, అమ్ముకుని ఉంటామని వాళ్ళ అనుమానం. అమ్మలేదు. జేజి పోయేముందు ఎవరికివ్వాలో చెప్పి పోయింది. నాయన స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

ఇనప సామాన్ల మనిషి వచ్చి వెళ్ళిన మరునాడు ఎందుకో కూర్చోబుద్ధి కాక ఏసుపాదం ఇంటికి వెళ్ళాను. అతను లేడు, పోయి చాలా కాలమైంది. కూతురు కరుణ పలకరించి, కుర్చీ వేసి, నేను నోరు విప్పకముందే లోపలికి వెళ్ళి లోటా నిండా నీళ్ళు తెచ్చింది. తళతళలాడుతోంది, మా ఇంట్లో ఉన్నప్పటికంటే బాగా తోమారు. ఎదుటివాళ్ళ ఇంట్లో గ్లాసు కరుచుకోకూడదని మమ్మల్ని పెంచిన పద్ధతి. తలెత్తి, పైనుంచి పోసుకోబోయాను.

కరుణ నా చెయ్యి పట్టుకుంది.

"ఈ లోటాతో అట్ట తాగకూడదక్కా" అంది. "మా ఇంట్లో ఒప్పుకోం."